చెప్పులు చూసే మనిషి

ఆదివారం, ఆషాఢం, ఉప్పల్ బోనాలకు ముందు వారం. స్థలం: నాచారంలో మా కాలనీ డాక్టరమ్మ క్లినిక్, మొదటి అంతస్తు. సందర్భం: పెద్ద వయసు వారికి ఫ్లూ టీకా. హాజరైనవారు: డాక్టరమ్మ; సూదులు వేయడానికి మా చెల్లెలు విజయ, ఆమె నర్సు; టోకెన్లు ఇస్తూ ఫొటోలు తీస్తూ నేను; బెంచీల మీద కాలనీ పెద్దలు; అందరికంటే చివర రాజలింగం, ఆయన్ని చంక కింద చేయి వేసి మెట్లెక్కించుకొచ్చిన కొడుకు శ్రీనివాస్.

ఆ రోజు డైరీ పేజీ ఇలాగే మొదలైంది. కాలనీ సంఘం నివేదిక కూడా ఇలాగే మొదలవ్వాలి. కార్యదర్శిగా నాది ఒక పద్ధతి. కార్యక్రమం ఏదైనా సాయంత్రానికల్లా ఎవరెవరు వచ్చారో పేరుపేరునా రాసి, ఫొటోలు జతచేసి వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఇది అందరికీ తెలుసు. శ్రీనివాస్‌కూ తెలుసు. అందుకే తండ్రిని కుర్చీలో వదిలి, నా బల్ల పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. వాళ్ల నాన్న ఒకప్పుడు మా నాయనను బావా అని పిలిచేవాడు. ఆ వరసను పట్టుకుని ఈయన నన్ను బావా అంటాడు. పిలిచిన ప్రతిసారీ నాకు పంటి కింద రాయి పడ్డట్టు ఉంటుంది.

"బావా, ఫొటోల బాపును ఉంచు, నన్ను తీసెయ్. నేను సిక్కు లీవుల ఉన్న గద. డెంగీ తగ్గింది గని ఇంకో వారం మంచం దిగొద్దని డాక్టరమ్మ రాసిచ్చింది. మా సూపర్‌వైజర్ మన గ్రూపులనే ఉన్నడు. సూసిండంటే చర్లపల్లి కంపెనీ గేటు కాడికి గూడ రానియ్యడు. కాంట్రాక్టు నౌకరి, నీకు తెల్వంది కాదు."

"మంచం దిగొద్దంటే ఎందుకు దిగినవు మరి?"

"బాపును ఎవరు తీసుకొస్తరు? ఇంటామె డ్యూటీకి పోయింది. మోకాళ్లు వంగవు ఆయనకు."

మనిషి ముఖం ఇంకా పాలిపోయే ఉంది. మెట్లెక్కిన ఆయాసం తగ్గలేదు. నేను పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు. "చూద్దాం తియ్" అని ఫోను చొక్కా జేబులో వేసుకున్నాను. ఫొటోలో ఇద్దరూ స్పష్టంగా ఉన్నారు. చొక్కా భుజం మీదికి లాక్కుంటూ రాజలింగం, వెనక ఆయన వీపుకు చేయి ఆనించి శ్రీనివాస్. సిక్కులో ఉండి, ఇంట్లో మనిషికి టీకా వేయించడానికి గడప దాటిన వాడు. ఇదే నేరానికి మా ఇల్లు ఒకసారి మునిగింది. ఆ నేరాన్ని పట్టిచ్చిన మనిషి నా ఎదురుగా జబ్బ రుద్దుకుంటూ కూర్చున్నాడు. పొద్దున అందరికంటే ముందు ఫోను చేసి పేరు చెప్పుకున్నా ఆయనకు చివరి టోకెను ఇచ్చాను. తిరగని ఫ్యాను కింద కుర్చీ వేయించాను. ఇన్నేళ్లలో నాకు చేతనైన పగ అంత మాత్రమే. ఇప్పుడు జేబులో ఇంకోటి బరువుగా ఉంది.

మా ఇల్లు మునిగిన ఆ రోజుల్లో మేము నాచారంలోనే, పరిశ్రమల వాడకు వెనక వీధిలో, రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. మా నాయన నట్లు, బోల్టులు చేసే ఒక కంపెనీలో టెంపరరీ. పర్మినెంటు చేసే జాబితాలో పేరుందని ఆ ఏడాది చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా అమ్మ కొత్త గిన్నె కొనాలన్నా, పాత గిన్నెకు మాట్లు వేయించాలన్నా "పర్మినెంటు కానీ, చూద్దాం" అనేది. నాయన ఇంటికి వస్తే ముందు మెషిన్ నూనె వాసన వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. అమ్మ ఆయన ఖాకీ బట్టలు మా బట్టలతో కలిపి ఉతికేది కాదు. సోడా వేసి విడిగా ఉడకబెట్టేది. అయినా దండెం మీద ఆరుతున్న ఆ చొక్కా దగ్గర నిలబడితే ఇనుప రజను వాసన తగిలేది. నేను ఇంటర్ చదువుతున్నాను. విజయ అప్పుడు ఒళ్లో పిల్ల. నాకూ దానికీ మధ్య పుట్టినవాళ్లు దక్కలేదు. అందుకే దాన్ని ఇంట్లో అందరూ అరచేతిలో పెట్టుకుని చూసేవారు.

ఆ ఎండాకాలం నాయనకు పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు రంగు వేసినట్టయ్యాయి. కంపెనీ వాళ్లు నియమించిన డాక్టరు ఒకాయన మా రోడ్డు చివరన ఉండేవాడు. సిక్కు కాగితం రాయాలన్నా, తగ్గిందని ఫిట్టు కాగితం రాయాలన్నా ఆయనే. పిల్లలకు టీకాలు వేయాలన్నా ఆయనే. లోపలికి వెళ్లగానే స్పిరిట్ వాసన, గాజు సిరంజీలు మరిగే గిన్నె నుంచి ఆవిరి. గోడ మీద రెండు బోర్డులు పక్కపక్కనే ఉండేవి. ఒకటి: "టీకాకు పిల్ల తల్లి గాని తండ్రి గాని స్వయంగా తీసుకురావలెను. ఇతరులు తెస్తే వేయబడదు. తారీకు తప్పితే జవాబుదారీ మాది కాదు." రెండోది: "సిక్కులో ఉన్న కార్మికులు ఇల్లు కదలరాదు. కదిలినట్టు తెలిస్తే సర్టిఫికెట్ రద్దగును." రెండూ ఒకే చేతి రాత. ఆ రెండు బోర్డులూ ఒకే ఇంటికి ఒకే రోజు వర్తిస్తే ఏం చేయాలో రాసిన మూడో బోర్డు లేదు. ఇప్పుడు మా డాక్టరమ్మ క్లినిక్‌లో బోర్డు నేనే రాయించాను. టీకాకు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరు తెచ్చినా చాలునని, సిక్కులో ఉన్నవాళ్లు మందులకూ పిల్లల పనికీ బయటికి వస్తే తప్పు లేదని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ పాత డాక్టరు మీద నా కసి ఆ బోర్డుతో తీరింది. రాజలింగం మీది తీరలేదు.

రాజలింగం అదే కంపెనీలో హాజరు రాసే టైమాఫీసు గుమస్తా. పక్క వీధిలోనే ఉండేవాడు, కొత్తగా పెళ్లయినవాడు. నాయనను బావా, అమ్మను అక్కా అనేవాడు. నేను మామా అనేవాణ్ణి. టైమాఫీసు పని కాక ఆయనకు ఇంకో పని ఉండేది. సిక్కు పెట్టినవాళ్లు నిజంగా మంచం మీద ఉన్నారా లేదా అని ఇళ్లకు తిరిగి చూసి రావడం. ఎప్పుడు వస్తాడో తెలియదు. సైకిలు బెల్లు కొట్టడు. స్టాండు కూడా చప్పుడు కాకుండా వేస్తాడు. జర్దా పాను వాసన వస్తే వచ్చాడని అర్థం. "ఏం లేదు బావా, జర సూసి పోదమని వచ్చిన" అంటూ లోపలికి వస్తాడు. ముఖం చూడక ముందే గడప పక్కన ఉన్న చెప్పులు చూస్తాడు. తడి మట్టి ఉందా, కొత్త దుమ్ము ఉందా, కొసలు ఎటు తిరిగి ఉన్నాయి, అని. అసలు చెప్పులే లేకపోతే ఇంక లోపలికి రావలసిన పనే లేదు.

ఈ సంగతి మా వీధి ఆడవాళ్లందరికీ తెలుసు. ఎవరి ఇంట్లో సిక్కు ఉన్నా పొద్దున్నే వాకిలి చిమ్మి, ముగ్గు వేసి, మగాయన చెప్పులు తడిగుడ్డతో తుడిచి, గడప పక్కన కొసలు లోపలికి తిప్పి పెట్టేవారు. మరీ మెరిసిపోతే అనుమానం వస్తుందని మా అమ్మ పైన వేళ్లతో కాస్త పాత దుమ్ము చల్లేది. దేవుడి పటానికి విభూతి పెట్టినంత శ్రద్ధగా చల్లేది. మా ఎదురింటి నర్సమ్మ "అక్కా, మీ ఆయన చెప్పులకు పండుగొచ్చిందే" అని నవ్వేది. "నీ ఇంటికి గూడ వస్తది పండుగ" అని అమ్మ జవాబిచ్చేది. నాయన మాత్రం ముందు గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు. పగటిపూట పడుకోవడం ఆయనకు రాదు. వేళ్లతో గోడ సున్నం గీకేవాడు. అమ్మ నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది. ఆ పసరు వాసనకు ఇప్పటికీ నా నోట్లో నీళ్లు ఊరతాయి, తాగింది ఆయనే అయినా.

విజయకు టీకా తారీకు వచ్చింది. అమ్మ బిస్కెట్ల ప్యాకింగుకు వెళ్లేది. నాయన జీతం ఆగిన ఆ రోజుల్లో ఆమె ఒక రోజు మానితే మేస్త్రీ వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. నేను తీసుకెళ్తానన్నాను. బోర్డు చూశావుగా, నీకు వేయరు అన్నాడు నాయన. వచ్చే వారం చూద్దామంది అమ్మ. పక్క వీధిలో ఒక పసిపిల్ల కోరింత దగ్గుతో పోయి అప్పటికి నెల కూడా కాలేదు. దగ్గి దగ్గి నీలంగా మారిన ఆ పిల్లను నాయన చూసి వచ్చాడు. "తారీకు తప్పనియ్య" అన్నాడు. మధ్యాహ్నం ఎండ వేళ రాజలింగం రాడని, డాక్టరు భోజనానికి వెళితే సూది వేసేది కాంపౌండరేనని లెక్క వేసుకున్నాడు. అమ్మ వెళ్లిన తర్వాత లేచి, చొక్కా తొడుక్కుని, పిల్లను తువ్వాలులో చుట్టుకుని గడప దాకా వచ్చాడు. చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగాడు. ఆయనకు ఉన్నది ఒకే జత. అవి గడప పక్కన లేకపోతే రాజలింగం దూరం నుంచే చూసుకుని వెళ్లి, మనిషి లేడని రాసేస్తాడు. అవి అక్కడే ఉంచి, వట్టి కాళ్లతో రోడ్డెక్కాడు. నడి ఎండాకాలం, తారు మెత్తబడి కాలికి అంటుకునే రోజులు.

రాజలింగం ఆ ఎండలోనే వచ్చాడు. చెప్పులు చూశాడు, తృప్తిగా తలూపాడు. లోపలికి తొంగిచూస్తే మంచం ఖాళీ. "నాయిన ఏడి అల్లుడా?" అన్నాడు. దొడ్డి వైపు వెళ్లాడని చెప్పాను. "రానీయ్, ఫికర్ లేదు" అని గడప మీద కూర్చున్నాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. నా చదువు గురించి అడిగాడు, లెక్కల్లో మార్కులు బాగున్నాయంటే మెచ్చుకున్నాడు. నేను రోడ్డు వైపు చూడకుండా ఉండడానికి శతవిధాల ప్రయత్నించాను. చివరికి నాయన మూల తిరిగాడు. ఒక చేత్తో పిల్ల, దాని తొడ మీద దూది అదిమిన బొటనవేలు. రాజలింగాన్ని చూసి ఆగలేదు, అలాగే నడిచి వచ్చాడు. గడప మీద కూర్చున్న మనిషి ముందుగా ఆయన పాదాలు చూశాడు. అరికాళ్లకు తారు పట్టి ఉంది, పక్కల చర్మం బొబ్బలెక్కింది. రాజలింగం లేచి దారి ఇచ్చాడు. "కాళ్లు కడుక్కో బావా, కాలినట్టున్నయ్" అన్నాడు. ఎంతో ప్రేమగా అన్నాడు. సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మ వచ్చాక ఆ మాట విని "మన రాజలింగమే గద, ఏం రాస్తడు" అంది. ఆ రాత్రి విజయకు సూది జ్వరం. నాయన పాదాలకు అమ్మ కొబ్బరి నూనె రాసింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆయన చూసింది చూసినట్టు రాశాడు. సర్టిఫికెట్ రద్దయింది. నాయన పసుపు కళ్లతోనే మర్నాడు పొద్దున పనికి వెళ్లాడు. ఫిట్టు కాగితం లేదని గేటు దగ్గరే ఆపారు. ఇంట్లో పడుకోవడానికి తగినంత జబ్బు లేదు, పనిచేయడానికి తగినంత ఆరోగ్యమూ లేదు. పర్మినెంటు జాబితాలో పేరు కొట్టేశారు. ఆ తర్వాత ఆయన ఏదో గోదాము ముందు స్టూలు మీద కూర్చునే కాపలా పనితోనే ముసలివాడయ్యాడు. రాజలింగాన్ని ఒక్క మాట అనలేదు. ఆ అనని మాట నాకు అప్పగించి పోయాడని నేను అనుకుంటూ వచ్చాను. ఆ రోజు నుంచి నేను రాజలింగాన్ని మామా అని పిలవలేదు. ఆయన రిటైరయి మా కాలనీలోనే ఇల్లు కట్టుకున్నప్పుడు, ఒళ్లు మండినా, దేవుడు దగ్గరికే తెచ్చి పెట్టాడనుకున్నాను.

శిబిరం అయ్యాక టీకా పెట్టెలో మంచు గడ్డలు తీసి పారబోస్తూ విజయ నా జేబు వైపు చూసింది. "ఫొటో పెడుతవా అన్నా?" అంది. అది అన్నీ వింటుంది.

"అతను రాసినట్టే నేనూ రాస్తా. ఉన్నది ఉన్నట్టు."

"సూది నాకు వేసిన్రు. నొప్పి నాకయింది. నేను మరిచిపోయిన. నువ్వు పక్కన కూసున్నోనివి, నీకెందుకు తగ్గలే?"

"నువ్వు నాయన కాళ్లు చూడలేదు."

"చూసినోల్లంత పగ పడితే నర్సులు సగం ఊరును చంపాలె" అని పెట్టె మూసింది. "శీను పిల్లలు మొన్ననే స్కూలుల పడ్డరు. జర యాది పెట్టుకో."

సాయంత్రం దీపాలు పెట్టే వేళ రాజలింగం ఇంటికి వెళ్లాను. గేటు చప్పుడు కాకుండా తీశాను. గడప దగ్గర రెండు జతల మగవాళ్ల చెప్పులున్నాయి. వంగి, కావాలనే వంగి, వాటిని చూశాను. తలెత్తేసరికి ఆయన మంచం మీద నుంచి నన్నే చూస్తున్నాడు. నేను ఆ ఇంట్లోకి అడుగు పెట్టడం అదే మొదటిసారి.

"ఏం లేదు, జర సూసి పోదామని వచ్చిన" అన్నాను.

ఆయన చూపు గడప దగ్గరి చెప్పుల మీదికి పోయింది. ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తుంది. శ్రీనివాస్ లోపలి గదిలో పడుకుని ఉన్నాడు, గురక వినిపిస్తోంది. ఫోను తీసి ఫొటో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గప్పుడు మీ నాయిన గురించి రాసిన, నిజమే" అన్నాడు. "రాయకపోతే నా ఎనక ఇంకోన్ని తోలుతుండె. నా చెప్పులు సూసేటోడు ఇంకొకడు ఉండె అల్లుడా. గది నీకు తెల్వది."

"దూది పట్టుకున్న చేయి కూడా రాసినవా? టీకాకు పోయిండని రాసినవా?"

ఆయన కళ్లజోడు తీసి తువ్వాలుతో తుడిచాడు. "అంత జాగ ఉండకపోతుండె ఆ కాయిదంల. ఉన్నడు, లేడు, గంతే" అన్నాడు.

"నా గ్రూపులో జాగా మస్తు ఉంది. పేరు, ఫొటో, ఎందుకొచ్చిండో అంతా రాస్తా. ఇప్పుడు సైకిలు కూడా తొక్కనక్కర్లేదు."

"వాన్ని వదిలెయ్. నన్నేమన్న జేసుకో. పించిని మీద బతికే ముసలోన్ని, నాకు పొయ్యేది ఏముంది. వాడు పనికి పోకుంటే ఇల్లు నడవది."

ఆ మాట కోసం ఎన్నేళ్లు బతికానో నాకే తెలుసు. తియ్యగా ఉంటుందనుకున్నాను, ఉంది. కాదని రాస్తే అబద్ధమవుతుంది. "పొద్దున దాకా ఆలోచిస్తా" అన్నాను. పెట్టనని చెప్పి ఉండవచ్చు. పెట్టకూడదని అప్పటికే తేల్చుకున్నాను, వెళ్లక ముందే. కానీ మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా గడిపిన రాత్రి లాంటిది ఆయనకూ ఒకటి ఉండాలనిపించింది. ఒక్కటి చాలనుకున్నాను. ఇంటికి వచ్చి ఫొటో తుడిచేసి, శ్రీనివాస్ పేరు లేకుండా నివేదిక రాసి పెట్టుకుని, హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్టు కోసం బయలుదేరి రాజలింగం వీధి మీదుగా వెళ్లాను. అది దారి కాదు. తలుపు బార్లా తెరిచి ఉంది. గడప పక్కన ఒకటే జత, అరిగిపోయిన ముసలి చెప్పులు. ఆయన నిన్నటి చోటే, గోడకు ఆనుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"శీను ఏడి?" అన్నాను.

"ఫస్టు షిఫ్టుకు తోలిన. రాత్రంత బతిలాడిన. పోనన్నడు, కాళ్లు వణుకుతున్నయన్నడు. నువ్వు గ్రూపుల పెట్టకముందే పనిల ఉండాలె, ఉంటే అడిగేటోడు ఉండడు, పో అన్న. పోయిండు." గడప వైపు చేయి చూపించాడు. "సూసుకో. చెప్పులు లేవు. రాసుకో."

"ఫిట్టు కాగితం లేకుంటే గేటు లోపలికి రానియ్యరు గదా."

"రానియ్యకుంటే వాపసొస్తడు" అన్నాడు రాజలింగం. "మీ నాయిన వచ్చినట్టే."

ఫొటో నిన్ననే తుడిచేశానని చెప్పలేకపోయాను. ఆ గడప మీదే కూర్చున్నాను. ఆయన లోపల, నేను బయట, ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాం. స్కూలు ఆటోలు వెళ్లాయి. నీళ్ల ట్యాంకరు వచ్చి వెళ్లింది. ఎండ గడప మీదికి ఎక్కింది.

చాలాసేపటికి మూల దగ్గర శ్రీనివాస్ కనిపించాడు. గోడ పట్టుకుంటూ, ఆగి ఆగి నడుస్తున్నాడు. లేచి ఎదురెళ్లాల్సింది. కానీ నా చూపు ముందుగా ఆయన చెప్పుల మీదికి వెళ్లింది. చర్లపల్లి ఎర్ర దుమ్ము, పట్టీల దాకా. అక్కడి నుంచి తలెత్తి ఆయన ముఖం చూడడానికి నాకు చాలాసేపు పట్టింది.